జాలీ మైసమ్మ అనబడే నేను

నేను ఒక ఇనుప జాలీని. రోడ్డు పక్కన వాననీళ్ళు దిగే గుంత మీద మూతగా పడి ఉంటాను. మీరు నన్ను చూసే ఉంటారు, చూసినా గుర్తుపెట్టుకుని ఉండరు. నేను మాత్రం మిమ్మల్ని గుర్తుపెట్టుకుంటాను. ఎవరు ఎటునుంచి వస్తున్నారు, ఎందుకు ఆగారు, నా అంచు మీద చెయ్యి ఎందుకు వేశారు, అన్నీ కనిపెట్టి చూస్తుంటాను. ఇంత అనుమానం దేనికని అడక్కండి. నా కథ వింటే మీకే తెలుస్తుంది. సగంలో లేచిపోయినా నేనేమీ ఆశ్చర్యపోను.

నన్ను పోసింది ఊరి చివర ఒక చిన్న ఫౌండ్రీలో. నాలో కరిగిన సామానంతా పాతదే. పగిలిన నీళ్ళ పంపు, కాలు ఊడిన ఇనుప కుర్చీ, ఒక కిరాణా కొట్టు తూకం రాయి. ఆ తూకం రాయి బతుకంతా అనుమానపు చూపుల కిందే గడిచింది. తక్కువ తూగిందేమోనని కొనేవాళ్ళు, ఎక్కువ తూగిందేమోనని అమ్మేవాడు. నా స్వభావం దాన్నుంచే వచ్చిందనుకుంటాను. ఇసుక అచ్చులో పోసి, చల్లారాక నన్ను బయటికి తీసి, యజమాని సుత్తితో టంగుమని కొట్టి చెవి ఒగ్గి విన్నాడు. ఒక మంచి మాట అంటాడేమోనని చూశాను. "లోపల పగులున్నట్టుంది, ఇంకోపారి కొట్టు" అన్నాడు పక్కవాడితో. లోకంతో నా పరిచయం అలా మొదలైంది.

నా రూపం గురించి కాస్త చెప్పాలి, జరిగిందంతా దానివల్లే కాబట్టి. నేను నలుచదరంగా ఉంటాను. నాలో కమ్మీలన్నీ ఒకే వైపుకు సాగుతాయి, వాటి మధ్య సందులు. గుంత మీద నన్ను ఎటు తిప్పి పెట్టినా కుదురుగా కూర్చుంటాను. కమ్మీలు రోడ్డుకు అడ్డంగా ఉంటే సైకిలు చక్రం నా మీద గడగడమంటూ దాటిపోతుంది. అవే కమ్మీలు రోడ్డు వెంట నిలువుగా ఉంటే సన్న టైరు సందులో దిగబడి అక్కడే ఆగిపోతుంది. సైకిలు ఆగుతుంది గానీ మనిషి ఆగడు. ముందుకు ఎగిరిపడి మూతి పగలగొట్టుకుంటాడు. ఇంతే సంగతి. దీనికి పెద్ద చదువులేమీ అక్కర్లేదు, ఒక్కసారి వంగి చూస్తే చాలు. ఆ వంగడమే మీకు బరువు.

హైదరాబాదులో గోడౌన్ల రోడ్డు అనే చోట నన్ను వేశారు. వేసిన మేస్త్రీ తెలిసి వేశాడో, చేతికొచ్చినట్టు వేశాడో గానీ, అడ్డంగానే వేశాడు. అప్పట్లో అక్కడ సైకిళ్ళకు వేరే దారి లేదు. లారీలు, బస్సులు, ఆటోలు, వాటి మధ్య ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని సైకిళ్ళు. వాటిలో ఒకటి ఐలయ్యది. రోడ్డు చివర జాకెట్లు, లంగాలు కుట్టే చిన్న దుకాణం ఆయనది. ఒకనాటి పొద్దున వెనకనుంచి ఒక కారు తగిలితే నా ఎదురుగానే పడిపోయాడు. కారాయన దిగాడు. అయ్యో అని లేవదీస్తాడనుకున్నాను. బంపరుకు గీత పడిందేమో చూసుకుని మళ్ళీ ఎక్కి వెళ్ళిపోయాడు. ఐలయ్య కుడికాలికి రాడ్డు వేశారు. ఆ కాలికి మళ్ళీ దెబ్బ తగిలితే ఇక లేచి నడవడం ఉండదని డాక్టరు చెప్పాడు. ఆయన సైకిలు తొక్కడం మానేశాడు, దుకాణానికి తాళం పడింది.

కొన్నాళ్ళకు సైకిళ్ళకని ప్రత్యేకంగా దారి వేస్తామంటూ మనుషులొచ్చారు. నేను నమ్మలేదు. కానీ వేశారు. రోడ్డు అంచు పొడవునా ఆకుపచ్చ రంగు పూసి, బండ్లు లోపలికి రాకుండా ప్లాస్టిక్ కడ్డీలు పాతారు. నేనూ, నా తోటి జాలీలూ ఆ పచ్చరంగు లోపలే ఉండిపోయాం. మమ్మల్ని పైకి తీసి, గుంతల అంచులు ఎత్తు చేసి, మళ్ళీ యథాప్రకారం పెట్టారు. అంతవరకూ బాగానే ఉంది. అప్పుడు కాంట్రాక్టరు దగ్గర సూపర్‌వైజరుగా పనిచేసే వంశీధర్ కాస్త వెనక్కి నడిచి, ఫోనుతో ఫోటో తీసి, దాన్ని పెద్దది చేసి చూసుకున్నాడు. మొహం చిట్లించాడు.

"అరె, గీతలన్నీ దారెంబడి పోతుంటే ఈ జాలీలు అడ్డం అడ్డం ఏందిరా? ఫోటోల గలీజుగ కొడుతున్నయి. అన్నీ సీదా తిప్పుండ్రి."

తిప్పారు. ఒక్కదాన్నీ వదలకుండా తిప్పారు. ఫోటో మహా ముచ్చటగా వచ్చిందట. ప్రారంభం రోజున లావు టైర్ల సైకిళ్ళ మీద, తలలకు రంగురంగుల హెల్మెట్లతో చాలామంది పెద్దమనుషులు వచ్చారు. ఆ లావు టైర్లు నా సందుల్లో పట్టవు. హాయిగా దాటిపోయారు, చప్పట్లు కొట్టుకున్నారు, అరటిపళ్ళు తిని తొక్కలు నాలో పడేశారు. ఆ తర్వాత వాళ్ళలో ఒక్కరి మొహం మళ్ళీ చూస్తే ఒట్టు. మర్నాటి నుంచి వచ్చినవి వేరే సైకిళ్ళు. పాలవాళ్ళవి, పేపర్లవాళ్ళవి, గోడౌన్ల వాచ్‌మన్లవి. అన్నీ సన్న టైర్లే.

నా పక్కనే బాలమణి ఇడ్లీ బండి ఉంటుంది. ఇడ్లీలు తినేవాళ్ళు తమ స్కూటర్లను ప్లాస్టిక్ కడ్డీల సందుల్లోంచి లోపలికి తోసి, సరిగ్గా పచ్చదారిలో నిలుపుతారు. దాంతో సైకిళ్ళు అంచుకు జరగాలి. అంచుకు జరిగితే నేనున్నాను. మిగతా జాలీల దగ్గర మధ్యలోంచి పోయే చక్రాలు నా దగ్గరికొచ్చేసరికి నా మీదికే వచ్చేవి.

మొదట పడ్డది పేపర్లు వేసే ఆయన. "పొద్దుగాల్నే మందేసిండు" అన్నారు చూసినవాళ్ళు. ఆయన నోట్లో వేపపుల్ల ఇంకా అలాగే ఉంది. తర్వాత ఒక వాచ్‌మన్ పడ్డాడు, నిద్రమత్తన్నారు. ఆ తర్వాత ఒక కాలేజీ పిల్ల. "ఫోన్ల తలకాయ పెట్టి తొక్కుతే పడక ఏమైతది?" అన్నాడు ఇడ్లీ తింటున్న ఒకాయన. ఫోను ఆ పిల్ల సంచిలో ఉంది. తాగుడును అనుమానించారు, నిద్రను అనుమానించారు, చెప్పులను, చీర కుచ్చిళ్ళను, ఆఖరికి పడ్డవాళ్ళ జాతకాలను కూడా అనుమానించారు. నన్ను మాత్రం ఒక్కరూ అనుమానించలేదు. అనుమానంలోనే పుట్టి పెరిగిన నాకు అది చూస్తుంటే ఒళ్ళు మండిపోయేది. ఓరి మీ బుద్ధులు పాడుగాను, కింద చూడండిరా అని అరవాలనిపించేది.

చివరికి బాలమణి తేల్చింది. "ఈడ అమ్మ ఉన్నది. మనం తెల్వక తొక్కుకుంట పోతున్నం. గందుకే పడగొడుతున్నది." మర్నాడు నా కమ్మీలకు పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, పక్కన నిమ్మకాయలు, వేపకొమ్మ ఉంచింది. అలా నేను జాలీ మైసమ్మనయ్యాను. దండం పెట్టేవాళ్ళంటే నాకు మరీ అనుమానం. కోరిక తీరితే కొబ్బరికాయ, తీరకపోతే తిట్లు. కొబ్బరినీళ్ళు పడి నా కమ్మీలు ఇంకా జారుడయ్యాయి కూడా.

ఆ రోజుల్లోనే సులోచన కనబడింది. ఐలయ్య భార్య. భర్త సైకిలు ఇంట్లో తుప్పుపడుతోంది, దుకాణం మూసి ఉంది, చూసి చూసి విసిగి, నడివయసులో ఆ పచ్చదారి మీదే తొక్కడం నేర్చుకుంది. కార్ల మధ్యన అయితే ఆమె ఆ సాహసం చేసేది కాదు. నేర్చుకున్నాక ఐలయ్యను వెనక క్యారేజీ మీద కూర్చోబెట్టుకుని, ఆయన చేతికర్రను హ్యాండిలుకు కట్టి, పొద్దున దుకాణానికి, సాయంత్రం ఇంటికి తీసుకుపోయేది. పెండ్లాం ముందు, మొగుడు వెనక. బాలమణి బండి దగ్గర ఇడ్లీలు తినేవాళ్ళకు అదొక వేడుక.

"నవ్వుండ్రి, నవ్వుండ్రి, పండ్లూడి సాంబార్ల పడుతయి" అనేది సులోచన, తొక్కడం ఆపకుండానే.

ఐలయ్య వెనకనుంచి లోకం మీద ఒక కన్నేసి ఉంచేవాడు. "అగో, ఆ కారోడు డోరు తీసెటట్టున్నడు, జరుగు. ఆ కుక్క చూపు మంచిగ లేదు. ఆ ఆటో ఎందుకు మెల్లగైంది? ఏమో ఉన్నది, చూసుకో." ఇన్నాళ్ళకు నాలాంటివాడు ఒకడు దొరికాడని నాకెంత సంతోషమైందో చెప్పలేను. మనుషుల్లో నేను ఇష్టపడ్డ మొదటివాడు ఆయనే. దుకాణం మళ్ళీ తెరుచుకుంది. ఆయన గొంతులోకి పాత జోరు తిరిగొచ్చింది.

సులోచన నా దగ్గరికి రాగానే దిగేది. నాకు దండం పెట్టి, భర్తను కూర్చోబెట్టే ఉంచి, సైకిలును పక్కనుంచి నడిపించుకుపోయేది. ఆ భక్తి వల్లే వాళ్ళు బతికిపోయారు. అయినా రోజూ వాళ్ళు కనబడగానే నాకు గుండె జారిపోయేది. ఒక్కరోజు మరిచిపోతే? ఒక్కరోజు వెనకనుంచి ఎవరైనా తరిమితే? ఆ కాలు మళ్ళీ విరిగితే ఆ ఇంటి బతుకేమవుతుంది? దేవతనని పేరే గానీ, ఉన్నచోట ఇంత పక్కకు తిరగడం నాకు చేతకాదు.

ఒక మధ్యాహ్నం కుండపోతగా వాన. బాలమణి టార్పాలిన్ కింద దూరింది. లింగం అనేవాడు, పాత ఇనుము ఏరుకుని అమ్ముకునే మనిషి, గోనెసంచి తలమీద కప్పుకుని నా దగ్గర కూర్చున్నాడు. వీడి చూపు నాకు ఎప్పటినుంచో నచ్చలేదు. నా సందులో ఇనుప కడ్డీ దూర్చి ఒక్క పెకలింపు పెకలించాడు. నేను పైకి లేచాను. అయిపోయింది, మళ్ళీ ఫౌండ్రీకే అనుకున్నాను.

"ఓయమ్మో! మైసమ్మను ఎత్తుకపోతున్నడో!" బాలమణి కేక గోడౌన్లన్నీ దద్దరిల్లేలా వినబడింది.

లింగం హడలిపోయి నన్ను దబ్బున వదిలేశాడు. గుంత మీద పడ్డాను, కుదురుగా కూర్చున్నాను, కానీ అడ్డంగా. వాడు వెంటనే నా ముందు సాష్టాంగపడి చెంపలు వేసుకున్నాడు. "మొక్కుకుంటున్న అక్కా, మొక్కు తప్ప ఇంకోటి కాదు, అమ్మ తోడు!" బాలమణి చీపురు తిరగేసి నాలుగు అంటించింది. నాకు కూడా కొట్టాలనే ఉండింది. కానీ నా కమ్మీలు మొదట ఎలా ఉన్నాయో అలా వచ్చేశాయని తెలిశాక వాడి మీద కోపం నిలవలేదు.

దొంగల భయం పట్టుకుంది కాంట్రాక్టరు మనుషులకు. రోడ్డు పొడవునా జాలీల చుట్టూ సిమెంటు దట్టించి బిగించారు. నా దగ్గరికొచ్చేసరికి పసుపు కుంకుమలు చూసి, చెప్పులు విడిచి దండం పెట్టి, మనకెందుకొచ్చిన గొడవ అనుకుంటూ నన్ను వదిలేసి పోయారు. అలా నేనొక్కదాన్ని అడ్డంగా, విడిగా మిగిలాను. మిగతావన్నీ నిలువుగా, గట్టిగా బిగుసుకుపోయాయి.

నా దగ్గర పడటాలు ఆగిపోయాయి. దొంగను తన్ని పంపినందుకు అమ్మ శాంతించిందని బాలమణి ఇంకో కొబ్బరికాయ కొట్టింది. సరే, కొట్టుకో. ఒక పొద్దున సులోచన దిగబోతుంటే వెనకనుంచి పాలబండ్లు గంటలు మోగిస్తూ మీదికి వచ్చేశాయి. దిగడానికి సందు లేదు. "అమ్మా తల్లీ" అంటూ కళ్ళు మూసుకున్నంత పని చేసి నా మీదికే ఎక్కించింది. గడగడమని చప్పుడైంది, దాటేశారు.

"చూసినవా, ఏం గాలే" అన్నాడు ఐలయ్య, జీవితంలో మొదటిసారి అనుమానం లేకుండా.

ఆనాటి నుంచి వాళ్ళు దిగడం మానేశారు. జాలీ అంటే ఆమెకు భయం పోయింది. ఆ భయం పోగొట్టింది నేనే. నా మీద దాటిన మనిషి నా పక్క జాలీ కూడా నాలాగే ఉంటుందనుకోవడం సహజం. దాని కమ్మీలు ఎటున్నాయో ఆమెకు ఎవరు చెబుతారు?

ఒక సాయంత్రం ఇంటికి తిరిగొస్తున్నారు. పచ్చదారిలోకి ఎదురుగా ఒక ఆటో దూరింది, చుట్టు తిరిగి రావడం బద్ధకమై అడ్డదారి పట్టినవాడు. సులోచన ధీమాగా అంచుకు జరిగింది. నాకంటే ముందున్న జాలీ మీదికి. వద్దే తల్లీ, అది నాలాంటిది కాదు అని లోపల గింజుకున్నాను. ఠప్పుమన్న చప్పుడు వినబడింది. తర్వాత ఐలయ్య కేక.

సులోచన గడ్డం చీరుకుపోయింది. ఆమె అది తుడుచుకోనైనా లేదు, పాకుతూ పోయి భర్త కాలు పట్టుకుంది. "లేవయ్యా, జర లేవు, కాలు కదిలించు, నీకు దండం పెడత" అంటూ ఏడ్చింది. ఆటోవాడు అప్పటికే మాయం. బాలమణి చెంబుతో నీళ్ళు తీసుకుని పరిగెత్తింది, నీళ్ళు పోస్తూనే దులిపేసింది. "అమ్మ కాడ దిగుడు బంద్ చేసినవ్ గదనే. చూడు, ముందుగాల్నే అడ్డమొచ్చి పడగొట్టింది. మొగున్ని ఎన్కేసుకుని ఊరేగుడైతే వచ్చు." చుట్టూ చేరినవాళ్ళు అవునవునని తలలూపారు. ఇక చక్రం గురించి, ఆటో గురించి ఎవరికీ పట్టలేదు. తప్పంతా సులోచనదే అయిపోయింది. ఆ మాట మీద నాకు పుట్టిన కోపం ఇంతా అంతా కాదు.

ఐలయ్య రోడ్డు మీద కూర్చుని ఉన్నాడు, ముందు చక్రం ఆ జాలీలో దిగబడి అలాగే ఉంది. ఆయన దాన్ని చూశాడు. మెల్లగా తల తిప్పి నా వైపు చూశాడు. మళ్ళీ దాన్ని చూశాడు. అంతమందిలో కిందికి చూసినవాడు ఆయనొక్కడే, అదీ కింద పడ్డాడు కాబట్టి.

"సులోచనా, ఇది నిలువు. ఆ అమ్మది అడ్డం" అన్నాడు.

"దెబ్బకు తలకాయ తిరిగింది పాపం" అన్నారెవరో.

అదృష్టం, రాడ్డు కదల్లేదు. కానీ ఆయన ఇంట్లో కూర్చున్నాడు. "ఇగ నేను ఎక్కను. మల్ల పడితే నా కాలు పోతది, నువ్వు పోతవు. దుకాణం కిరాయికి ఇచ్చేస్త" అన్నాడని బాలమణి బండి దగ్గర చెప్పుకున్నారు. అయినా ఊరుకోకుండా, జాలీల సంగతి చూడమని కాంట్రాక్టరు ఆఫీసుకు ఫోన్ల మీద ఫోన్లు చేశాడు. ఆ పోరు పడలేక వంశీధర్ వచ్చాడు, వెంట ఇద్దరు మనుషులు, గడ్డపారలు. ఐలయ్య కర్ర పట్టుకుని, సులోచన భుజం పట్టుకుని వచ్చాడు. అడ్డం ఏమిటో నిలువు ఏమిటో చేతులతో చూపిస్తూ చెప్పాడు. వంశీధర్ ఈసారి నిజంగానే వంగి చూశాడు. నన్ను చూశాడు, మిగతావాటిని చూశాడు. నాకు ప్రాణం లేచొచ్చింది.

"కరెక్టే కాకా, తేడా ఉన్నది" అన్నాడు. "ఇదొక్కటే వంకర ఉన్నది. ఎవడో తిప్పిండు. ఇది సీదా చేస్తే అన్నీ ఒక్కలెక్కయితయి."

"అది కాదు సారు, అవన్నీ దీని లెక్క తిప్పాలె!"

"అవన్నీ సిమెంటేసి బిగించినం. తీసుడంటే పగలగొట్టుడే. ఇదొక్కటే లూజుగున్నది. ఏయ్, గడ్డపార తీసుకురా."

గడ్డపార మొన నా అంచుకు తగిలింది. ఐలయ్య కర్ర అడ్డం పెట్టాడు, పక్కకు నెట్టేశారు. అప్పుడు బాలమణి గరిటె పట్టుకుని లేచింది. "అమ్మ తనంతట తాను తిరిగింది! ముట్టుకో చూద్దం! ఇంటికి పోయేదాకనన్న బతికుంటవేమో చూద్దం!" గడ్డపార పట్టుకున్నవాడు దాన్ని కింద పడేసి చెంపలు వేసుకున్నాడు. వంశీధర్ నవ్వబోయి, ఎందుకొచ్చిందిలే అనుకున్నాడేమో, బూట్లు విడిచి నాకు దండం పెట్టి బండెక్కాడు.

సులోచన అంతా చూస్తూ నిలబడింది. భర్త అంత వివరంగా చెప్పిన మాటకు కదలని మనిషి చిటికెడు కుంకుమకు వెనక్కి నడిచాడు. గడ్డం మీది కట్టు సవరించుకుని ఐలయ్యను నడిపించుకుపోయింది.

ఆదివారం పొద్దున సైకిలు మీద వచ్చింది. వెనక ఐలయ్య, ఆయన ఒళ్ళో పళ్ళెం, పళ్ళెంలో పసుపు, కుంకుమ, వేపకొమ్మలు. ఆయనను ఎలా ఒప్పించిందో నాకు తెలియదు, మొహం మాత్రం మాడ్చుకుని ఉన్నాడు. "ఇన్నాళ్ళకు బుద్ధొచ్చింది" అంది బాలమణి సంబరంగా. సులోచన ఆగకుండా నా మీదుగానే పోయింది. తనను పడగొట్టిన జాలీ దగ్గర దిగి, దాని కమ్మీలకు దట్టంగా పసుపు రాసి, కుంకుమ పెట్టి, వేపకొమ్మ గుచ్చింది. తర్వాతి జాలీకి పోయింది. ఆ తర్వాతి దానికి. రోడ్డు చివరిదాకా ఒక్కదాన్నీ వదల్లేదు. ఆమె చేయి మొక్కుతున్నట్టు లేదు. గుమ్మానికి గడియ వేస్తున్నట్టుంది. తిరిగొచ్చేసరికి వెనక వచ్చే పాలబండ్లు, పేపర్ల సైకిళ్ళు ఒక్కొక్క జాలీ దగ్గర నెమ్మదిస్తూ, దండం పెట్టుకుని పక్కనుంచి తప్పుకుంటూ పోతున్నాయి.

అప్పుడు నా దగ్గరికొచ్చింది. బాలమణి కొబ్బరికాయ చేతికివ్వబోయింది. సులోచన తీసుకోలేదు. సీసాలో నీళ్ళు నా మీద పోసి, కొంగుతో నా పసుపు, నా కుంకుమ రుద్ది రుద్ది కడిగేసింది.

"ఏందే, ఏం పాపం జేస్తున్నవే!"

"ఇది మంచిగున్నది వదినె. దీని కాడ దిగే పని లేదు." మిగిలిన కుంకుమ తీసుకుని నా పక్కన రోడ్డంచునున్న గట్టు రాయికి పెద్ద బొట్టు పెట్టింది. "అమ్మను ఈడ కూసోబెడుతున్న. సైకిలోళ్ళ కోసం కాదు. గడ్డపారోళ్ళ కోసం."

బాలమణి ఏమంటుందోనని చూశాను. ఆమె గట్టు రాయిని చూసింది, నన్ను చూసింది, తర్వాత మెల్లగా నడుం వంచి నా కమ్మీలను వేళ్ళతో తడిమింది. కొబ్బరికాయను గట్టు రాయి ముందు పెట్టింది. పచ్చదారిలో ఆపిన స్కూటరాయన వైపు తిరిగి "తియ్యరా అవతలికి" అని అరిచింది.

ఐలయ్య క్యారేజీ మీద సర్దుకున్నాడు. అటూ ఇటూ చూసి, ఇంకొకసారి చూసి, "ఆఁ, పో" అన్నాడు. వాళ్ళ చక్రాలు నా మీదుగా గడగడమని దుకాణం వైపు దొర్లిపోయాయి. నేనిప్పుడు వట్టి ఇనుమును. నా దగ్గర ఎవరూ దిగరు, ఎవరూ మొక్కరు, ఎవరూ పడరు.